దవడ పట్టే చేతులు

పసరు నూరడం మొదలైంది. రాతి మీద రాయి గరగరమంటోంది. ఆ చప్పుడు ఆగేలోగా నేను చెనిక్కాయలు, అదే వేరుశనగలు, నిలవ ఉంచే ఈ కొట్టిడి గదిలో నుంచి బయటపడాలి. ఆగిందంటే పసరు వైద్యం చేసే నల్లప్ప దాన్ని గుడ్డలో పిండి, మైలతుత్తం రంగరించి, నాగి నోట్లో పోస్తాడు. నాగి వాంతి చేసుకుంటుంది. ఇప్పుడున్న ఒంటితో గట్టిగా వాంతి చేసుకుంటే నాగి చచ్చిపోతుంది. ఈ సంగతి ఈ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు నేను. నన్ను లోపల వేసి గడియ పెట్టారు. రెండోవాడు నా మొగుడు జయరాముడు. గడియ పెట్టింది ఆయనే.

తలుపుకు భుజం ఆనించి నెట్టాను. మళ్లీ నెట్టాను. కదల్లేదు. ఎలుకలు విత్తనం కాయలు తినేస్తున్నాయని పోయిన ఎండాకాలం నేనే పట్టుబట్టి ఈ తలుపు చేయించాను, గట్టి చెక్క వెయ్యమని వడ్రంగి వెంటపడ్డాను, వేశాడు. పచ్చిచెక్క ఎండకు కుంచించుకుపోయి రెండు పలకల మధ్య వేలంత సందు వదిలింది. ఆ సందుకు కన్ను ఆనిస్తే వాకిలి కనబడుతుంది. నడినెత్తిన ఎండ. బండలు కాలిపోతున్నాయి, కోళ్లు కూడా నీడకు చేరాయి, ఆ బండల మీద కంబళి పరిచి, ఇంకో కంబళి కప్పి నాగిని కూర్చోబెట్టారు. ఈ ఎండలో ఆ పిల్ల వణుకుతోంది. పదహారేళ్ల పిల్ల, నాగలక్ష్మమ్మ అని పేరు, నేను ఈ ఇంటికి వచ్చేసరికి నడుం మీద మొలతాడు తప్ప ఇంకేమీ లేకుండా కోడిపిల్లల వెంట పరిగెత్తేది. నా కడుపున పుట్టలేదు. ఆ మాటే ఇప్పుడు నా నేరం.

"ఏమయ్యో, తలుపు తియ్యి! ఆ డాక్టరప్ప ఏమి జెప్పినాడో నువ్వు గూడా ఇన్నావు గదా!" అని అరిచాను.

జయరాముడు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, ఇటు తిరగలేదు. జవాబు ఇచ్చింది బయమ్మ. నాగి తల్లిని కన్నతల్లి ఆమె, నేను పెద్దమ్మా అని పిలుస్తాను. "అరవనీ. పెట్టేటప్పుడు పిల్లి మాదిరి పెట్టింది, ఇప్పుడు కుక్క మాదిరి అరుస్తాండాది" అంది.

పెట్టింది అంటే మందు. అన్నంలోనో మజ్జిగలోనో ఏదో కలిపి పెడితే అది కడుపులో అంటుకుని, తిన్నదాన్ని అదే తినేసి, మనిషిని ఎండబెడుతుందని ఇక్కడ అందరూ నమ్ముతారు. నేనూ నమ్మేదాన్ని. గుమ్మఘట్టలో మా పక్కింటామెకు పెట్టారని చెప్పుకుంటే నేను కూడా నోరు తెరుచుకుని విన్నాను. పసరు తాగించి కక్కించాలి. కక్కిన దాంట్లో ఎంట్రుకలు చుట్టుకున్న ముద్ద ఒకటి పడుతుంది, అది నల్లప్ప చేతిలోంచి పడుతుందో నోట్లోంచి పడుతుందో ఎవరూ చూడరు. పడిన ముద్దను పెట్టినదాని అరచేతిలో పెట్టి వీధి అంతా తిప్పి పుట్టింటికి తోలేస్తారు. నన్ను తోలేస్తే తోలేయనీ, గుమ్మఘట్టకు దారి నాకు తెలుసు. నేను వీధి తిరిగే వేళకు ఆ కంబళి కింద పిల్ల ఊపిరితో ఉండాలి, అదొక్కటే.

నిన్న పొద్దున గంజిలో తెల్లటి పొడి కలుపుతుంటే బయమ్మ చూసింది. మనవరాలికి బాగాలేదని తెలిసి అప్పుడే బస్సు దిగి వచ్చింది, గుమ్మంలో కాలు పెట్టగానే నా చేతిలో గరిటె, గరిటెలో తెల్లపొడి. అది గుంతకల్లు డాక్టరు ఇచ్చిన పాలపొడి. డబ్బా చూపించాను. చెంచాడు నేనే నోట్లో వేసుకున్నాను, చూడు పెద్దమ్మా నేనూ తింటాండా అన్నాను. "పెట్టేదానికి ఇరుగుడు తెలిసే ఉంటాది" అంది ఆమె. ఇంక నేనేం చెప్పను? కుండలో ఉన్నదంతా తిని చూపించినా అదే మాట. తన కడుపు పండలేదని పిల్ల కడుపు ఎండబెట్టింది అని బావి దగ్గర అందరికీ చెప్పింది. సాయంత్రానికి నల్లప్పకు కబురు పోయింది.

గరగర, గరగర. మధ్యలో నల్లప్ప దగ్గుతాడు, నీళ్లు చిలకరిస్తాడు, మళ్లీ గరగర. "నల్లప్ప చెయ్యి పడిందంటే మందు పడాల్సిందే అవ్వా. మొన్న కదిరి కాడ ఒగామెకు కక్కిస్తే ఇంత కప్ప మాదిరి ముద్ద పడింది. వాళ్ల మామ చూసి మూర్ఛపోయినాడు, ఆయప్పకు గూడా నీళ్లు నేనే చల్లల్సొచ్చె" అంటున్నాడు. "కథలు రేపు చెబుదువు, నూరు" అంది బయమ్మ. ఎవరో నవ్వారు. నాగి కూడా నవ్వింది. సందులో నుంచి చూశాను, పళ్లు కనబడ్డాయి, ముఖమంతా పళ్లే ఉన్నట్టు కనబడింది. ఆ పిల్లకు ఎప్పుడూ నవ్వు తొందర. సంగటి ముద్ద ముందర పెట్టుకుని కూడా నవ్వేది. చేత్తో చిన్న చిన్న ఉండలు చేసి, ఒక్కొక్క ఉండకూ ఊరిబిండి పచ్చడి అద్ది, వాటిని కంచం చుట్టూ పేర్చి, ఎంత అందంగా ఉన్నాయో చూడు చిన్నమ్మా అనేది, అన్నీ పేర్చాక చేయి కడుక్కుని లేచిపోయేది. ఉండలు కుక్క తినేది. మొదట్లో నేను ఆట అనుకున్నాను. తర్వాత పొగరు అనుకున్నాను, ఒకసారి వీపు మీద ఒకటి వేశాను కూడా. చేతికి ఎముక తగిలింది. రవికె కింద అంత ఎముక ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

నాకు ఆకలి తెలుసు. గంజి కేంద్రాల కరువులో నేను పన్నెండు పదమూడేళ్ల పిల్లను. గుమ్మఘట్టలో ఎండలో వరుసగా కూర్చోబెట్టి గంజి పోసేవాళ్లు, కన్నడంలో తిట్టేవాళ్లు ఒకవైపు, తెలుగులో తిట్టేవాళ్లు ఇంకోవైపు, గంజిలో పురుగులు తేలితే వేలితో పక్కకు తోసి తాగేదాన్ని, తొందరెక్కువైతే తోయకుండానే తాగేదాన్ని. మా అన్న తిమ్మప్ప చిప్ప కూడా లాక్కుని నాకేశాను. వాడు ఏడవలేదు, చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆకలంటే లోపల కట్టేసిన కుక్క, గోడలు గోకేది, నిద్రలో కూడా గోకేది. అందుకే నాగి మాట నాకు అర్థం కాలేదు. అంట్లు తోముతూ ఒకరోజు మెల్లగా అడిగాను, ఆకలి కాదా నీకు అని. "అయితాది చిన్నమ్మా. మస్తుగా అయితాది. అయితే అది అట్లే ఉంటే బాగుంటాది. తల తేలిగ్గా, అంతా తెల్లంగా కనపడతాది. తిన్యానంటే అంతా బరువయిపోతాది. తినల్ల తినల్ల అనుకుంటానే పోతా, లోపల ఎవురో వద్దే వద్దంటారు" అంది. ఎవరు అని అడిగాను. ఎవరో తెలిస్తే చెప్పనా అని నవ్వింది. లోపల ఎవరో ఉన్నారని నేనే పోయి బయమ్మకు కబురు చేస్తే బాగుండేదా? అప్పుడైనా దయ్యం అనేవాళ్లు, దయ్యానికి వేపమండలతో కొడతారు, దెబ్బలకు పిల్ల చచ్చిపోదు. లేదు, చచ్చిపోతుంది. ఈ ఒంటికి దెబ్బ కూడా ఎక్కువే.

నాగి చేతులు చూశాను గదా. సబ్బు రుద్దుతూ చూశాను. మోచేతుల నుంచి మణికట్టు దాకా సన్నటి నూగు, కొత్తగా పుట్టిన గొర్రెపిల్ల మీద ఉన్నట్టు, వీపు మీద కూడా. ముట్టు ఆగిపోయి చాలా నెలలయింది, మొదట ఏదో జరగరానిది జరిగిందనుకుని రాత్రంతా ఏడ్చాను, కడుపు వీపుకు అంటుకుపోయిన పిల్ల గురించి అంత మాట ఎలా అనుకున్నానో. ఒళ్లు చల్లగా ఉండేది. అయినా కూర్చునేది కాదు. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేది, ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చేది, బావి దగ్గరికి, చేను దగ్గరికి, మళ్లీ బావి దగ్గరికి. కలుపు తీసేటప్పుడు అందరికంటే ముందు సాలు అదే పట్టేది. "ఇది గూడా అట్లే, కూచోనే కూచోదు, ఆయమ్మ మాదిరే" అంది కూలికి వచ్చే తిప్పమ్మ ఒకసారి చేలో. ఏ అమ్మ అని అడగబోయాను. గట్టు మీద బయమ్మ ఉంది. పండగకని వచ్చి ఉంది అప్పుడు. "నోరు కాదు తిప్పమ్మా, చెయ్యి ఆడించు" అంది. తిప్పమ్మ తల వంచుకుంది. పాత ఊరి నుంచి వీళ్ల వెంట ఇక్కడికి వచ్చిన మనిషి తిప్పమ్మ ఒక్కతే. ఆ ఊళ్లో ఏం జరిగిందో, ఉన్న పొలం వదిలి ఈ ముదిగుబ్బ పక్క రాళ్లలో ఎందుకు కొన్నారో నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి భార్య యశోదమ్మ జ్వరంతో పోయిందన్నారు. అత్త ఏమైందని అడిగితే జయరాముడు తింటున్న కంచం గోడకు విసిరాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన విసిరిన కంచం అదొక్కటే, అందుకే మళ్లీ అడగలేదు.

గుంతకల్లు నేనే తీసుకుపోయాను. మా అన్న తిమ్మప్ప అక్కడ ఇంజన్లకు బొగ్గు వేసే పనిలో ఉన్నాడు, వాడికి తెలిసిన డాక్టరు ఒకాయన, అరవం కలిసిన తెలుగు. ధర్మవరంలో రైలెక్కాక నాగి కిటికీ దగ్గర కూర్చోలేదు, పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే వచ్చింది, జయరాముడు సిగ్గుతో తల బయటకు తిప్పుకున్నాడు. డాక్టరు నాడి చూశాడు, గోళ్లు చూశాడు, చేతుల మీది నూగు చూశాడు, కళ్లలోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. మా మూటలోని చెనిక్కాయ ఒకటి తీసి చిదిపి గింజ అరచేతిలో పెట్టుకున్నాడు. "తలలో బాగా లోపల, ఇంచుమించు ఇంత చోటు ఉందమ్మా. ఆకలి వేస్తోంది తిను అనేది అదే, చాలు ఆపు అనేది అదే. దాని కిందనే ఒక గ్రంథి వేలాడుతుంది, ముట్టు రావడం, ఒళ్లు వెచ్చగా ఉండడం దాని పని. ఈ పిల్లకు ఆ చోట లెక్క తప్పింది. ఎందుకు తప్పిందో నాకు తెలీదు. పుస్తకాలు రాసేవాళ్లకూ సరిగా తెలీదు, కొందరు గ్రంథి అంటారు, కొందరు మనసు అంటారు. నేను చూసినంతలో ఇది కొన్ని కుటుంబాల్లో దిగుతూ వస్తుంది, మేనత్తకో అమ్మమ్మకో ఉంటుంది" అన్నాడు. అని జయరాముడి వైపు తిరిగి, తల్లి తరపున ఎవరైనా ఇట్లా తిండి మానేసినవాళ్లున్నారా అని అడిగాడు. జయరాముడు చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఎవురూ లేరు సార్" అన్నాడు. ఆ చూపు నేను చూశాను. చూసి కూడా, పెద్దాస్పత్రిలో చేర్చమంటాడనే భయం అనుకున్నాను.

వచ్చేటప్పుడు డాక్టరు నన్ను వెనక్కి పిలిచి చెప్పాడు. ఆస్పత్రిలో చేర్పించమంటే మీరు వినలేదు, సరే, ఇంట్లోనే కొంచెం కొంచెంగా పాలపొడి గంజి పట్టండి, బలవంతంగా కుక్కొద్దు, ఆకలి చచ్చిన ఒంటికి ఒకేసారి ఎక్కువ పెట్టినా ముప్పే. వాంతి మాత్రం చేయించొద్దు. నెత్తుట్లో ఉండాల్సిన ఉప్పులు ఇప్పటికే అడుగంటాయి, ఒక్కసారి గట్టిగా కక్కితే గుండె తట్టుకోదు, ఆగిపోతుంది. జయరాముడు గుమ్మంలో నిలబడి విన్నాడు. విన్నవాడు గడియ ఎట్లా పెట్టాడు? కూతురంటే ప్రాణం ఆయనకు. సంత నుంచి నాకు గాజులు తేవడం మరిచిపోతాడు గానీ నాగికి బొరుగులు మరవడు, ఆ పిల్ల తినదని తెలిసి కూడా తెచ్చి పక్కన పెడతాడు, పొద్దున ఆ పొట్లం అట్లే ఉంటే ముఖం తిప్పుకుని కోళ్లకు వేస్తాడు. అంత ప్రేమ ఉన్నవాడు డాక్టరు మాట పక్కన పెట్టి నల్లప్ప మాట పట్టుకున్నాడంటే, డాక్టరు మాట నిజమైతే ఆయనకు ఇంకేదో పోతుంది. ఏం పోతుంది?

ఆలోచించు హనుమంతూ, ఆలోచించు అని నాకు నేనే చెప్పుకున్నాను, రాయి ఇంకా తిరుగుతోంది. మందు ఎవరు పెట్టారు? నేను పెట్టలేదు. ఒకే కుండ, ఒకే గరిటె, మా ముగ్గురికీ అదే సంగటి, నేను తిని లావయ్యాను, ఆయన తిని అట్లే ఉన్నాడు. బడిలో అమెరికా గోధుమ రవ్వ ఉప్మా పెట్టేవాళ్లు, అది తిన్న పిల్లలంతా గంతులేస్తున్నారు. తిప్పమ్మా? ఆ మనిషి మన ఇంటి నీళ్లు కూడా దోసిట్లో పోస్తేనే తాగుతుంది, కుండ ముట్టదు. కరువా? కరువు ఊరందరిదీ. కరువులో కరిగిపోయినవాళ్లు వాన పడగానే మళ్లీ ఒళ్లు చేశారు, నేనే సాక్ష్యం. ఎవరూ మిగల్లేదు. మిగిలింది ఆ పిల్ల తలలో చెనిక్కాయ గింజంత చోటు, అది ఎవరి నుంచి దిగివచ్చిందో ఆ మనిషి.

బయట బయమ్మ గొంతు వినిపించింది. కన్ను మళ్లీ సందుకు ఆనించాను. నల్లప్ప నాగి కాళ్లు తాడుతో కట్టబోతున్నాడు. తల్లి తరపు మనిషే తల పట్టాలనేది వీళ్ల ఆనవాయితీ, పరాయివాళ్లు పడితే మందు ఇంకా లోపలికి దిగుతుందట. బయమ్మ నాగి వెనక కూర్చుంది. "కాళ్లు కట్టద్దు. కడితే తన్నుకోని ఎనక్కి పడతాది. ఆ కంబళితోనే చేతులు గూడా కలిపి చుట్టు. తల నా ఒళ్లోకి రానీ. పసరు నడిమికి పొయ్యద్దు, పళ్లు గిట్ట కరుస్తాది, బుగ్గ పక్కన పొయ్యి. ముక్కు నేను మూస్తా" అంది. ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. బొటనవేలు దవడ ఎముక కింద పెట్టింది, వేళ్లు చెంప మీద, ఆ చోటు వెతుక్కోనే లేదు. నల్లప్ప తల గీరుకున్నాడు. "నా కన్నా నీకే బాగా తెలిసినట్లుండాదే అవ్వా" అన్నాడు. బయమ్మ నాగి తలను ఇంకొంచెం వెనక్కి వంచింది.

ఎక్కడ తెలిసింది ఆమెకు? దవడ ఎక్కడ పడితే నోరు తెరుచుకుంటుందో, కాళ్లు కడితే ఏమవుతుందో ఎవరిని పట్టుకుని నేర్చుకుంది? అప్పుడు గుర్తొచ్చింది ఆ గద్దె. నాగికి పన్నెండేళ్లప్పుడు బయమ్మ మమ్మల్ని వాళ్ల ఊరి గుట్ట కిందికి తీసుకుపోయింది, చిన్న రాతిగద్దె, పైన పసుపు, వాడిన పూలు. ఉపాసమ్మ గద్దె అన్నారు. బయమ్మకు సొంత అక్క. పెళ్లి కాకముందే తిండి మానేసిందట, గాలి తిని బతికిందట, కరువులో ఊరంతా అలమటిస్తుంటే ఈమె ఏమీ తినకుండా పొద్దుటి నుంచి మాపటి దాకా గుట్ట ఎక్కి దిగేదట, ఆకలిని గెలిచిన తల్లి అని జనం కాళ్లకు పసుపు పూశారట. ఎట్లా చచ్చిపోయింది పెద్దమ్మా అని అడిగాను. "సచ్చిపోలే, దేవుళ్లో కలిసింది" అంది బయమ్మ గర్వంగా. నాగి ఆ గద్దెను రెండు చేతులతో తడిమింది. చేతుల మీద నూగు ఉండేదా ఆమెకు కూడా? వణికేదా ఎండలో?

తలుపు పక్కన గాజుల చప్పుడు. తిప్పమ్మ తన కడవతో పోతూ వంగింది, కొంగు సర్దుకుంటున్నట్టు, గోడతో మాట్లాడుతున్నట్టు అంది: "అమ్మా, మీ అత్తమ్మను గూడా ఇట్లే కొట్టిడిలో ఏసినారు. యశోదమ్మకు పసరు తాపే దినం." ఎవరు వేశారు అని అడిగాను. "ఇంగెవురు? కొడుకే. గంజి కేంద్రాల కరువులో యశోదమ్మ తినకపాయె, తన పాలు బిడ్డకు, మొగునికి పెడతాండాది అని ఊరంతా మెచ్చుకున్యారు. వాన వచ్చె, కుండ నిండె, అయినా ఆయమ్మ తినలే. అప్పుడు అత్తే పెట్టిందన్యారు." కడవ ఎత్తుకుని పోయింది.

మూటల మీద కూర్చున్నాను. మా అత్తను అరచేతిలో ముద్ద పెట్టి వీధి తిప్పారు, తిప్పినవాడు కన్నకొడుకు. మందు అబద్ధమైతే ఆయన ఏం చేసినట్టు? అందుకే చెప్పుల వైపు చూశాడు. బయమ్మ? ఆ రోజు తల పట్టింది కన్నతల్లి ఆమే అయి ఉండాలి, మందు అబద్ధమైతే ఆమె ఒళ్లో యశోదమ్మ ఎట్లా చచ్చిపోయినట్టు? ఒకామెను దేవతను చేశారు, ఇంకొకామెను త్యాగం చేసిందన్నారు, ఈ పిల్లకు మందు పెట్టారంటున్నారు, ముగ్గురిదీ ఒకే వణుకు, ఒకే నడక. పేర్లు మార్చి మార్చి దాన్ని ముగ్గురి దాకా రానిచ్చారు. ఇది బయటకు వస్తే బయమ్మ కొడుకు పిల్లలను ఎవరు చేసుకుంటారు, ఉపాసమ్మ గద్దెకు పసుపు ఎవరు పూస్తారు, అన్నిటికంటే ముందు ఆ ముసలామె రేపటి నుంచి తన చేతులు తాను ఎట్లా చూసుకుంటుంది. వాళ్లిద్దరికీ దొంగ ఒకరు కావాలి. నేను దొరికాను.

చప్పుడు ఆగింది.

లేచాను. సందుకు నోరు ఆనించాను, కన్ను కాదు. చూడటానికి టైం లేదు.

"పెద్దమ్మా! యశోదమ్మ దవడ గూడా ఈ చేతులతోనే పట్టుకుంటివా?"

జయరాముడు మొదటిసారి ఇటు తిరిగాడు. "నోరు ముయ్యి" అన్నాడు, కానీ ఆ మాటలో బలం లేదు.

"మూస్తా. నన్ను వీధి తిప్పు, ముద్ద గాదు నిప్పులు పెట్టు చేతిలో, తిరుగుతా. పసరు తాపినంక యశోదమ్మ మళ్లా లేచిందా అది మాత్రం చెప్పమను. జ్వరంతో పోయిందా, నీ ఒళ్లో కక్కుతా కక్కుతా పోయిందా పెద్దమ్మా? ఉపాసమ్మకు మందు ఎవురు పెట్టినారు? ఆయమ్మకు సవతి తల్లి లేదే, అత్త లేదే!"

కన్ను ఆనించాను. నల్లప్ప చేతిలో గిన్నె, పచ్చటి పసరు అంచు దాకా. బయమ్మ చేతులు నాగి దవడ మీదే ఉన్నాయి. నాగి తల వెనక్కి వాలి, కళ్లు పైకెత్తి అవ్వ ముఖంలోకి చూస్తోంది. పెదవులు కదిలాయి. గొంతు ఎండుటాకులా ఉంది, అయినా వాకిలంతా వినబడింది.

"మాయమ్మ ఇట్లనే సచ్చిపోయిందా అవ్వా?"

బయమ్మ కిందికి చూసింది. ఆ ముఖంలో ఎవరిని చూసిందో నాకు తెలియదు. బొటనవేలు దవడ కింద నుంచి జారింది, తర్వాత ఒక్కొక్క వేలూ. కంబళి జరిగి నాగి మెడ, భుజం బయటపడ్డాయి. ముసలామె ఆ భుజం మీది నూగును అరచేత్తో నిమిరింది, ఒకసారి కిందికి, ఒకసారి పైకి.

"అట్లనే పాయె" అంది. "నా ఒళ్లోనే. ముద్ద పడక ముందే పాయె. ఈయప్ప మాదిరోడే ఇంగొకడు, పోయినంక ముద్ద చూపించె."

నల్లప్ప గిన్నె కింద పెట్టేశాడు. చుట్టూ చూసి, "నేను ఆ ఊరికే పోలేదప్పా" అన్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. జయరాముడు స్తంభం వదిలాడు. ముందుకు వచ్చాడు, రెండడుగులు వేసి ఆగాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పంచె పట్టుకున్నాడు. ఈయన ఇట్లాంటి గొంతుతో మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"మాయమ్మ పెట్టింది అంటివి గదా! నువ్వే గదా జెప్పింది! ఆ ముద్ద ఆయమ్మ చేతిలో పెట్టి నేనే గదా తిప్పింది! పెట్టలే పెట్టలే అని కాళ్లు పట్టుకున్యాది నావి. అయితే ఎవురు? ఎవురు పెట్టినారు మందు? ఇప్పుడన్నా చెప్పు!"

బయమ్మ నాగి తలను ఒళ్లో సర్దుకుంది, కంబళి మెడ దాకా లాగింది. ఇంక తలుపు వైపు గానీ అల్లుడి వైపు గానీ చూడలేదు.

"ఎవురూ పెట్టలే జయరామా. మీయమ్మా పెట్టలే, ఈయమ్మా పెట్టలే. మా అక్క అట్లే ఎండిపాయె, నా బిడ్డ అట్లే ఎండిపాయె, ఇప్పుడు దీన్ని పట్టుకోని తింటాండాది. మాలోనే ఉండాది నాయనా. మా నెత్తురు. మా నెత్తురే."